నొప్పుల గది ముందు మా అమ్మాయి

మా అమ్మాయి శ్రావణంలో పోయింది. పచ్చకామెర్లు వచ్చాయి, ముదిరిపోయాయి, పోయింది. ఈ సంగతి ఇంకా తెలియనివాళ్ళు ఉన్నారని ఇది రాస్తున్నాను. సూర్యారావుపేటలో మత్తు డాక్టరుగారి నర్సింగ్‌హోముకి గురువారం పూట వచ్చేవాళ్ళు, "ఆ నర్సమ్మగారు ఏరండీ, సెలవు పెట్టారా?" అని అడుగుతున్నారట. ఆ స్థానంలో వచ్చిన కొత్త నర్సు చిన్నపిల్ల. ఏం చెప్పాలో తెలియక "లేరండీ" అంటోందట. లేరంటే ఏ ఊరో వెళ్ళిందనుకుని పై వారం మళ్ళీ అడుగుతున్నారట. అందుకని, తల్లిని, నేనే చెబుతున్నాను. మీ నర్సమ్మ పోయిందండీ. ఇంక రాదు.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. మాది కొల్లేటి పక్క ఊరు. మూడో తరగతి మధ్యలో బడి మాన్పించి నెత్తిన చేపల గంప పెట్టారు. ఈ రాసే నాలుగు ముక్కలూ మా అమ్మాయి చలవే. అది పుస్తకం ముందేసుకుని పైకి చదువుకుంటుంటే నేను పక్కన చేపలు తోముతూ వినేదాన్ని. పని అయ్యాక చెయ్యి కడుక్కొస్తే పలక మీద దిద్దించేది. కూతురు తల్లి చెయ్యి పట్టుకుని దిద్దిస్తోందని వీధిలోవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇందులో తప్పులుంటే నావి, సరిగ్గా ఉన్నవి దానివి అనుకుని చదువుకోండి.

పెళ్ళయ్యాక పటమట వచ్చేశాం. మా ఆయన ఏలూరు కాలువ మీద పడవలకి సరుకెత్తేవాడు. నేను కొల్లేటి నుంచి వచ్చిన చేపలు గంపకెత్తుకుని పటమట వీధుల్లో తిరిగేదాన్ని. బడి లేని రోజున అమ్మాయి నా వెనకాలే నా కొంగు పట్టుకుని నడిచేది. నేను ఏ ఇంటి ముందైనా కూర్చుని కొరమేను కోస్తుంటే, అది ఆ ఇంటి అరుగు మీదున్న ముసలమ్మ పక్కన చేరేది. నేను కోయడం అయ్యేలోపల ఆవిడ మోకాళ్ళు ఎప్పటి నుంచి పట్టేశాయో, కోడలు నూనె రాస్తుందో లేదో అన్నీ దానికి తెలిసిపోయేవి. "నువ్వు చేపలు అమ్ముతున్నావా, నీ కూతురు కబుర్లు కొంటోందా?" అని ఆ మామ్మలు నన్ను ఏడిపించేవాళ్ళు.

పెద్దయ్యాక నర్సు చదువుతానంది. చుట్టాలు మూతి తిప్పారు. ఊళ్ళోవాళ్ళ రోగాలన్నీ ముట్టుకోవడం ఏం ఉద్యోగమన్నారు. అది మాత్రం, చేపలు ముట్టుకుంటే పోని పరువు మనుషుల్ని ముట్టుకుంటే పోతుందా అంది. ఆ మాటకి మా ఆయన పడీ పడీ నవ్వి, మర్నాడే తీసుకెళ్ళి చేర్పించి వచ్చాడు.

ఆ తరవాత ఈ డాక్టరుగారి దగ్గర పనికి కుదిరింది. ఆపరేషనుకి ముందు మత్తు ఇచ్చే డాక్టరు కాబట్టి ఆయన్ని అందరూ మత్తు డాక్టరుగారనే అంటారు. గురువారం మధ్యాహ్నం ఆపరేషన్లు ఉండవు. డెబ్బై మూడులోనో, డెబ్బై నాలుగులోనో, నాకు సరిగా గుర్తులేదు, ఆ పూట ఏళ్ళ తరబడి నొప్పులు పడుతూ ఎక్కడా నయం కానివాళ్ళని చూడడం మొదలుపెట్టారు. తలుపు మీద ఏదో ఇంగ్లీషు పేరు రాయించారు. అది ఎవరి నోరూ తిరక్క జనం నొప్పుల గది అన్నారు, ఆ పేరే నిలిచింది. గది ముందు వరండాలో పొడుగు బెంచీ. కొత్తగా వచ్చినవాళ్ళని ముందుగా పలకరించి, లోపల ఏం జరుగుతుందో చెప్పి, వాళ్ళ సంగతి విని లోపలికి పంపించడం మా అమ్మాయి పని.

ఆ బెంచీ మీద నేనూ కూర్చున్నాను. నా మెడ నొప్పి ఎప్పుడు మొదలైందో నాకే తెలియదు. గంప ఎత్తేవాళ్ళకి మెడ లాగడం జబ్బని మేమెవరమూ అనుకోం. రాత్రి ఉప్పు మూటతో కాపడం పెట్టుకోవడం, పొద్దున్నే మళ్ళీ ఎత్తుకోవడం. అది మెడ నుంచి భుజానికి దిగింది, భుజం నుంచి చేతికి దిగింది. తైలాలు రాయించాను, పట్టీలు వేయించాను, సూదులు పొడిపించుకున్నాను. చివరికి ఒక గురువారం అమ్మాయే నా చేత ఆ పూట పని మాన్పించి రిక్షా ఎక్కించింది.

నా కూతురు పనిచేసే చోటు కదా, నేరుగా లోపలికి వెళ్ళొచ్చనుకున్నాను. "ఇక్కడ నువ్వు మా అమ్మవి కాదు, కొత్త పేషెంటువి. వరసలో కూర్చో" అంది. కూర్చున్నాను. నా వంతు వచ్చాక ఒక పొట్టి ముక్కాలిపీట తెచ్చుకుని నా ముందు కూర్చుంది. ఎప్పుడూ ఆ పీట మీదే కూర్చునేది. నొప్పితో వచ్చిన మనిషి తల ఎత్తి నర్సు మొహం చూడక్కర్లేదు, నేనే తల ఎత్తి వాళ్ళని చూస్తాను అనేది. రోజూ నాతో ఒకే కంచంలో తినే నా కూతురు నన్ను, "పొద్దున్న లేవగానే చెయ్యి ఎంతవరకు లేస్తుందండీ?" అని అడిగింది. అండీ అనేసరికి నాకు నవ్వొచ్చింది. కానీ ఆ అడగడంలో ఏముందో, ఇంట్లో ఎన్నడూ దానికి చెప్పని సంగతులు చెప్పేశాను. జడ వేసుకోలేక ముడి చుట్టేసుకుంటున్నానని చెప్పాను. నిద్రలో అటు తిరిగితే ప్రాణం పోతున్నట్టుంటుందని చెప్పాను. అది ఒక్కసారి కూడా అయ్యో అనలేదు. అన్నీ విని, ఇంకా ఏమన్నా ఉందా అండీ అంది.

కొత్తవాళ్ళు చాలామంది మొదటి రోజే చిరాకు పడతారు. మన వైపు సూది వేయనిదే వైద్యం చేసినట్టు కాదు కదా. ఇబ్రహీంపట్నంలో కరెంటు స్టేషన్ కట్టే చోట పనిచేసే తాపీమేస్త్రీ ఒకాయన నడుం నొప్పితో వచ్చాడు. మా అమ్మాయి ఆయన ముందు పీట వేసుకుని, నిద్ర పడుతోందా, కూర్చుంటే ఎక్కువా నడిస్తే ఎక్కువా, ఇంట్లో ఎవరెవరుంటారు అని అడుగుతుంటే ఆయనకి ఒళ్ళు మండింది.

"ఏవమ్మా, నాకేమన్నా సంబంధం చూస్తున్నారా? నొప్పి నడుంలో ఉంది. నడుం చూడండి చాలు."

"చూస్తామండీ బాబాయిగారూ. నడుం ఒక్కటే వచ్చిందా, మీరు కూడా వచ్చారా అని చూస్తున్నాను" అంది అమ్మాయి.

బెంచీ బెంచీ అంతా నవ్వింది. ఆయన కాసేపు బిగుసుకుని కూర్చుని, తనూ నవ్వి, ఇంట్లో ఎవరెవరుంటారో చెప్పాడు. ఆ రోజు ఆయనకి సూది వేయలేదు. కొందరికి నరం దగ్గర మత్తుమందు సూది వేస్తారు, అందరికీ కాదు. ఆయనకి ఎలా వంగాలో, బరువు ఎలా పట్టుకోవాలో చూపించి, రోజూ కాస్త నడవమని చెప్పి పంపించారు. వెళ్ళేటప్పుడు ఇంత దూరం వచ్చింది నడవడం నేర్చుకోడానికా అని గొణుక్కున్నాడు. అయినా పై వారం వచ్చాడు.

మా అమ్మాయికి ఒక అలవాటుండేది. ఎవర్నీ "బాగున్నారా?" అని అడిగేది కాదు. మనవాళ్ళని ఆ మాట అడిగితే ఒకటే జవాబు వస్తుంది, కాలు విరిగి మంచంలో ఉన్నా సరే బాగున్నామండీ అనే అంటారు. ఒకసారి బాగున్నామన్నాక మళ్ళీ నొప్పి అని చెప్పుకోడానికి మొహమాటపడతారు అనేది. దానికి బదులు "ఇవాళ ఏం చేశారండీ?" అని అడిగేది. గిన్నెలు తోముకున్నానమ్మా, వీధి చివరిదాకా వెళ్ళానమ్మా, ఏమీ చేయలేకపోయానమ్మా అని వాళ్ళు చెప్పేవాళ్ళు. దాంతో ఎవరు ఎలా ఉన్నారో దానికి తెలిసిపోయేది. ఇదే అలవాటు పెళ్ళిళ్ళలో కూడా. ఒక పెళ్ళిలో వియ్యపురాలినే ఇవాళ ఏం చేశారండీ అని పలకరిస్తే, నేనేమన్నా కూలికొచ్చానా అని ఆవిడ అలిగి కూర్చుంది. బతిమాలుకోడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ మొహమాటం నాకూ ఉందని అప్పుడు నాకు తెలియదు. గురువారం గురువారం డాక్టరుగారు ఎంతో ఓపిగ్గా "ఎలా ఉందమ్మా?" అని అడిగేవారు. పెద్దాయన, మన కోసం అంత కష్టపడుతున్నారు, తగ్గలేదంటే మనసు కష్టపెట్టుకుంటారేమోనని "తగ్గిందండీ" అనేదాన్ని. పోయిన వారం కన్నానా అంటే, చాలా తగ్గిందండీ అనేదాన్ని. ఆయన సంతోషించి మందు తగ్గించేవారు. ఇంటికొచ్చి ఉప్పు మూట వేడి చేసుకునేదాన్ని. ఒక గురువారం ఆయనకి ఇద్దామని మంచి కొరమేను కూడా తడిగుడ్డలో చుట్టి పట్టుకెళ్ళాను. ఆయన శాకాహారి అని అక్కడికి వెళ్ళాక తెలిసింది.

అమ్మాయి ఆయన ముందు ఏమీ అనలేదు. ఇద్దరం రిక్షాలో వస్తున్నాం, ఒళ్ళో కొరమేను. బందరు రోడ్డు మీదకి వచ్చాక అంది. "డాక్టరుగారు మనింటికొచ్చిన చుట్టం కాదమ్మా, మర్యాద చేయడానికి. నువ్వు తగ్గిందంటే ఆయన తగ్గిందనే అనుకుంటారు. రాత్రి ఉప్పు మూట ఎవరికి పెట్టుకుంటున్నావు?"

ఎలా చెప్పాలో నాకు తెలియదే అన్నాను. కొంచెం, ఎక్కువ అంటే ఆయనకేం తెలుస్తుంది? అప్పుడు అదే దారి చెప్పింది. మా కొల్లేటివాళ్ళకి లోతు చెప్పడం బాగా వచ్చు. తాటిదోనె దిగేటప్పుడు చీలమండ లోతు, మోకాలి లోతు, మొల లోతు, గొంతు లోతు అని ఒకరికొకరం చెప్పుకుంటాం. నొప్పి కూడా అలా చెప్పమంది. పై వారం డాక్టరుగారు అడిగితే, ధైర్యం చేసి, "గొంతు లోతులో ఉన్నానండీ" అన్నాను. ఆయన చేతిలో కలం కింద పెట్టేశారు. అప్పటి నుంచి నాకు అసలు వైద్యం మొదలైంది.

అది కూడా ఒక్క పూటలో జరిగేది కాదు. మొల లోతుకి రావడానికి ఒక వేసవి పట్టింది. మధ్యలో ఒకరోజు ఒళ్ళు తేలిగ్గా ఉందని ఇల్లంతా కడిగి, బొంతలన్నీ ఉతికి ఆరేశాను. మర్నాడు మంచం దిగలేదు. అమ్మాయి కోప్పడలేదు, పక్కన కూర్చుని తల దువ్వింది. "బాగున్న రోజుని ఆ రోజే అవగొట్టెయ్యకమ్మా, రేపటికి కాస్త ఉంచుకో" అంది. ఈ మాట గది ముందు బెంచీ మీద అందరికీ చెప్పేది. బాగున్న రోజున ఆపాలి, బాగాలేని రోజున కాస్తయినా కదలాలి. వినడానికి చిన్న మాట. మనలాంటి వాళ్ళకి, పని కనిపిస్తే చెయ్యి ఆగనివాళ్ళకి, మింగుడు పడడం చాలా కష్టం.

గంప ఎత్తడం మానేశాను. రోడ్డు పక్క ఒక చోటు చూసుకుని గోనెపట్టా పరుచుకుని, చేపలు ముందేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. కాసేపటికోసారి లేచి అటూ ఇటూ నడవమంది. నేను లేచి నడుస్తుంటే కొనేవాళ్ళు బేరం వదులుకుని పోతున్నాననుకుని వెనక్కి పిలిచి ధర పెంచేవాళ్ళు. ఆ సంగతి చెబితే అది ఎంత నవ్విందో. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పుడు కూడా మొహం మీదకి నవ్వొస్తుంది. సాయంత్రం డ్యూటీ దిగి నా పట్టా దగ్గరికే వచ్చేది. తెల్లచీర మీద చేపల నీళ్ళు పడతాయే అంటే వినేది కాదు. ఒక చెప్పు విడిచి, ఆ కాలు రెండో కాలి మీద ఆనించి కొంగలాగా నిలబడి, ఆ రోజు బెంచీ కబుర్లన్నీ చెప్పేది. పేర్లు చెప్పేది కాదు. నడుం బాబాయిగారు, మోకాలు మామ్మగారు అని చెప్పేది.

జ్యేష్ఠం వెళ్తుండగా దానికి కళ్ళు పచ్చబడ్డాయి. ఆకు పసరు పోయించాం, డాక్టరుగారు తమ నర్సింగ్‌హోములోనే గది ఇచ్చి మందులు ఇచ్చారు, పెద్దాసుపత్రి నుంచి ఇంకో డాక్టరుని పిలిపించి చూపించారు. చేయాల్సినవన్నీ చేశారు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. నేను మంచం పక్కనే కూర్చునేదాన్ని. నాకు అడగడం వచ్చిన ప్రశ్న ఒకటే. "ఎంత లోతే తల్లీ?" అనేదాన్ని. "మోకాలి లోతేనమ్మా" అనేది. పొద్దున అడిగినా అదే, సాయంత్రం అడిగినా అదే. మోకాలి లోతు నీళ్ళలో ఎవరూ మునగరు కదా అని నేను ఇంటికెళ్ళి వంట చేసుకొచ్చేదాన్ని.

పెద్దకర్మ అయ్యాక డాక్టరుగారు మా ఇంటికి వచ్చారు. తను లోతు అడిగితే మాత్రం, గొంతు దాటిందండీ, మా అమ్మకి చెప్పకండి అని మా అమ్మాయి అందని చెప్పారు. నాకు కోపం రాలేదు. అందరికీ మర్యాదలు మాన్పించిన పిల్ల నాకు మాత్రం మర్యాద చేసి వెళ్ళింది. దాని ముందు నేను చుట్టాన్నయ్యాను. అంతే అనుకున్నాను.

వెళ్తూ వెళ్తూ ఆయన గురువారం రమ్మన్నారు. వస్తానండీ అన్నాను. వెళ్ళలేదు. పట్టా వేయడం మానేశాను, నడవడం మానేశాను. చెయ్యి మళ్ళీ ఒంటికి అతుక్కుపోయింది. పక్కింటి వదిన వచ్చి తల దువ్వి వెళ్ళేది. ఇలాగే ఉండిపోతే ఏమవుతుందిలే అనుకునేదాన్ని. చెయ్యి లేచినా ఇంక దానికి వండి పెట్టేది లేదు కదా అనుకునేదాన్ని.

కార్తీకంలో, ఎప్పుడూ నా దగ్గర బొమ్మిడాయిలు కొనే ఒకావిడ చూడ్డానికి వచ్చింది. ఆవిడా నొప్పుల గదికి వెళ్తుంది. ఆవిడ చెప్పింది, కొత్తవాళ్ళు నర్సమ్మ కోసం అడిగి, లేదనగానే బెంచీ మీద నుంచి లేచి వెళ్ళిపోతున్నారని, డాక్టరుగారికి చూపించుకోకుండానే. ఎక్కడెక్కడి పల్లెల నుంచో బస్సు దిగి వచ్చి, ఆ నొప్పిని అలాగే మోసుకుని వెనక్కి వెళ్ళిపోతున్నారట. పిల్ల పోయింది సరే, అది కూర్చోబెట్టినవాళ్ళు కూడా లేచిపోతున్నారా అనిపించింది.

గురువారం ముసురు పట్టింది. రిక్షా గూడు కింద కూర్చుని వెళ్ళాను. ప్రతి గుంటలోనూ భుజం కలుక్కుమంది. వరండా మెట్లెక్కుతుంటే బెంచీ మీద ఇబ్రహీంపట్నం మేస్త్రీగారు కనిపించాడు. నన్ను చూసి లేచాడు. ఆయన పరామర్శ మాటలేమీ అనలేదు.

"ఏం చేశారమ్మా ఇవాళ?" అన్నాడు.

"రిక్షా ఎక్కానండీ" అన్నాను.

"చాలా పని చేశారు. కూర్చోండి" అని చోటిచ్చాడు.

నా పక్కన ఒకామె కూర్చుని ఉంది. ఉయ్యూరు అవతల పల్లె అట. నాట్లు వేసీ వేసీ నడుం నిలవదట. వైరు బుట్ట ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఇక్కడ ఒక నర్సమ్మ ఉండాలి కదండీ, ముందు ఆవిడతో మాట్లాడమని మా ఆడపడుచు చెప్పింది, ఆవిడ ఏరీ అని నన్నే అడిగింది.

ఆ మాట అంతవరకు నేను ఎవరికీ నా నోటితో చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళందరికీ మా ఆయన చెప్పాడు.

"పోయిందమ్మా. మా అమ్మాయే" అన్నాను.

ఆమె నోరు నొక్కుకుంది. బుట్ట సర్దుకుంటూ లేచింది. ఇంకోసారి వస్తానంది. నేను బుట్ట పట్టుకున్నాను. లోపల ఏం జరుగుతుందో నేను చెబుతాను, విన్నాక వెళ్ళాలనిపిస్తే వెళ్ళు అన్నాను. కూర్చుంది.

చెప్పాను. మొదటి రోజు చాలాసేపు పడుతుంది, ఆఖరి బస్సు కంగారు పెట్టుకోకు. పాత చీటీలు, మింగే బిళ్ళలు ఉంటే అన్నీ చూపించు, నాటుమందు వాడినా దాచకు, ఎవరూ తిట్టరు. నొప్పి లేని చోట ముందు ముట్టుకుని, తరవాతే నొప్పి ఉన్న చోటికి వస్తారు. నొప్పి అంతా నీ మనసులోనే ఉందని ఇక్కడ ఎవరూ అనరు. సూది వేయలేదని అనుకోకు. చిన్న చిన్న పనులు చేయమని చెబుతారు, ఇదీ ఒక వైద్యమేనా అనిపిస్తుంది, చెయ్యి. ఏడుపొస్తే ఏడువు. డాక్టరుగారి కోసం తగ్గిందని మాత్రం చెప్పకు. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె అంతా విని, మా అమ్మాయిని ప్రతివాళ్ళూ అడిగిన మాటే అడిగింది. "పోతుందా అండీ? మీకు పోయిందా?"

ఆ మాటకి మా అమ్మాయి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను.

"పోలేదమ్మా. ఉంటుంది. నేను మాత్రం ఇవాళ ఇంట్లోంచి వచ్చాను" అన్నాను.

ఆమె వాన వైపు చూస్తూ ఉండిపోయింది. గేటు దగ్గర రిక్షావాడు గోనెసంచి కప్పుకుని ఎవరన్నా వస్తారేమోనని చూస్తున్నాడు. ఇంతలో కొత్త నర్సు తలుపు దగ్గరికి వచ్చి పిలిచింది. ఆమె లేచింది. ఎటు వెళ్తుందో నాకు తెలియలేదు. బుట్ట నా ఒళ్ళో పెట్టి, "కాస్త చూస్తుంటారా అండీ" అని, నడుం పట్టుకుని లోపలికి వెళ్ళింది.

బుట్టలో తువ్వాలు, ఒక టిఫిను డబ్బా, మడిచిన పాత చీటీలు ఉన్నాయి. డబ్బా ఇంకా గోరువెచ్చగా ఉంది. తలుపుకి కట్టిన పచ్చ గుడ్డ అవతల డాక్టరుగారు ఏదో అడిగారు. ఆమె మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం వినిపిస్తోంది. వాన పెరిగింది, తగ్గింది, ఆమె ఇంకా చెబుతూనే ఉంది. మధ్యలో ఎవరూ ఆపలేదు.